నడక బాట అందరిదీ: పెంపుడు కుక్కల యజమానుల బాధ్యత, ఇతరుల భద్రత

(ప్రత్యేక వ్యాసం)

తెల్లవారుజామున చెరువు కట్ట మీద, పార్కు బాట మీద నడవడం నేడు నగరవాసులకు మాత్రమే పరిమితమైన అలవాటు కాదు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో సైతం వృద్ధులు, మహిళలు, మధుమేహంతో బాధపడేవారు, పోలీసు, సైనిక ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమయ్యే యువకులు ఒకే బాటను పంచుకొంటున్నారు. ఇటీవలి సంవత్సరాలలో వీరికి తోడు పెంపుడు కుక్కలను వెంట తీసుకొని వచ్చేవారు కూడా ఈ బాటలపైకి చేరినారు. అందరికీ చెందిన స్థలంలో ఒకరి సౌకర్యం మరొకరికి ఇబ్బందిగా పరిణమించకుండా ఉండాలంటే చట్టం ఏమి చెబుతున్నదో, ఎవరి బాధ్యత ఎంతవరకో స్పష్టంగా తెలియవలసి ఉన్నది. ఈ అంశంపై పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు అవసరమైన సమాచారాన్ని క్రోడీకరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పల్లె పల్లెకు పార్కు వచ్చిన తరువాత

ఒకప్పుడు పార్కు అనేది పెద్ద పట్టణాలకే పరిమితమైన సదుపాయం. 2015 మార్చిలో ప్రారంభమైన మిషన్ కాకతీయ కార్యక్రమంలో భాగంగా చెరువుల పునరుద్ధరణతో పాటు నియోజకవర్గ కేంద్రాలలో చెరువు కట్టలను మినీ ట్యాంక్‌బండ్‌లుగా తీర్చిదిద్దే పనులు చేపట్టబడినవి. నాగర్‌కర్నూల్ పట్టణంలోని కేసరి సముద్రం కట్ట, వనపర్తి పట్టణంలోని నల్లచెరువు కట్ట ఆ విధంగా ప్రజల విహార స్థలాలుగా మారినవి. 2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి, 2020 ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి ప్రారంభమైన అనంతరం గ్రామ పంచాయతీలలో పల్లె ప్రకృతి వనాలు, పురపాలక సంఘాలలో పట్టణ ప్రకృతి వనాలు ఏర్పాటైనవి. తెలంగాణ పురపాలక సంఘాల చట్టం, 2019 పచ్చదనం నిమిత్తం బడ్జెట్‌లో 10 శాతం కేటాయింపును తప్పనిసరి చేసినది.

ఈ విధంగా నడక బాటలు విస్తరించినవి గానీ, వాటిని ఏ విధంగా ఉపయోగించుకోవాలన్న నియమావళి అంత వేగంగా విస్తరించలేదు. పల్లె ప్రకృతి వనంలోని బాట సాధారణంగా ఇద్దరు పక్కపక్కన నడిచేటంత వెడల్పు మాత్రమే కలిగి ఉంటుంది. అటువంటి బాటపై ఎదురుగా ఒక పెద్ద కుక్క వచ్చినపుడు పక్కకు తప్పుకొనడానికి చోటు ఉండదు. కట్ట మీది బాటకు ఒక వైపు నీరు, మరొక వైపు ఏటవాలు. కుక్క మీదికి దూకినదని వెనుకకు తగ్గిన వృద్ధురాలు జారిపడి తుంటి ఎముక విరగగొట్టుకొంటే, కుక్క కరవకపోయినా నష్టం జరిగినట్లే. "మా కుక్క ఏమీ అనదు" అన్న యజమాని మాట ఆ సమయంలో ఎవరికీ ఉపయోగపడదు.

కుక్క మనకు కొత్త కాదు

కుక్కను ఇంటి ప్రాణిగా చూడడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పాలమూరు నేలపై గొల్ల, కురుమ సోదరుల గొర్రెల మందలకు కుక్కలే కాపలాదారులు. నల్లమలలోని చెంచు పెంటలలో కుక్క కుటుంబ సభ్యునితో సమానం. అయితే మంద వెంట తిరిగే కుక్కకు పగలంతా నడక, పని ఉంటాయి. పట్టణంలో రెండు గదుల ఇంటిలో, మేడ మీద, గేటు వెనుక పెరిగే కుక్కకు ఆ అవకాశం లేదు. రోజంతా కట్టివేయబడిన కుక్క శక్తిని ఖర్చు చేసుకొనే దారి లేక అరుస్తుంది, ఎగబడుతుంది. కనుక దానిని బయట నడిపించడం యజమాని సరదా కాదు, ఆ జంతువు అవసరం.

ఈ విషయాన్ని చట్టం కూడా గుర్తించినది. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ ప్రకారం, ఎల్లప్పుడూ గొలుసుతో కట్టి ఉంచిన లేదా ఇరుకు చోట బంధించి ఉంచిన కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడం యజమాని చేసిన క్రూరత్వంగానే పరిగణింపబడుతుంది. రాజ్యాంగంలోని 51-ఏ (జి) అధికరణం జీవుల పట్ల కారుణ్యాన్ని పౌరుల ప్రాథమిక విధులలో ఒకటిగా పేర్కొన్నది. కాబట్టి కుక్కను నడిపించే స్థలమే లేకుండా చేయడం సమస్యకు పరిష్కారం కాజాలదు.

యజమానిపై చట్టం మోపిన బాధ్యత

మరొక వైపు, యజమానిపై చట్టం మోపిన బాధ్యత కూడా తక్కువేమీ కాదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ ప్రకారం, తన ఆధీనంలోని జంతువు వలన మనుష్యుల ప్రాణానికి గానీ, తీవ్రగాయం కలగడానికి గానీ ముప్పు ఉండే అవకాశం ఉన్నపుడు, దానిని నివారించడానికి తగిన చర్యలను తెలిసి గానీ, నిర్లక్ష్యంతో గానీ తీసుకోని వ్యక్తికి 6 నెలల వరకు కారాగార శిక్ష, లేదా రూ. 5,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. పూర్వపు భారత శిక్షాస్మృతిలోని 289వ సెక్షన్‌లో జరిమానా గరిష్ఠ పరిమితి రూ. 1,000 మాత్రమే ఉండేది. కుక్క కరచిన తరువాత మాత్రమే ఈ సెక్షన్ వర్తిస్తుందన్న అభిప్రాయం సరికాదు. ముప్పును నివారించే జాగ్రత్త తీసుకోకపోవడమే ఇక్కడ నేరం.

కేంద్ర ప్రభుత్వం 2023లో ప్రకటించిన జంతు జనన నియంత్రణ నియమావళి పెంపుడు కుక్కలను, వీధి కుక్కలను వేరు వేరుగా గుర్తించినది. పెంపుడు జంతువుల సంతాన నియంత్రణ, టీకాల విషయంలో బాధ్యత యజమానిదే. వీధి కుక్కలకు శస్త్రచికిత్స, రేబిస్ టీకా నిర్వహణ బాధ్యత స్థానిక సంస్థలది. ఈ తేడాను గుర్తించకుండా పార్కులో జరిగిన ప్రతి సంఘటననూ "కుక్కల బెడద" అన్న ఒకే మాటతో వ్యవహరించడం వలన బాధ్యులైనవారు తప్పించుకొనే అవకాశం కలుగుతున్నది.

పార్కులలో పెంపుడు కుక్కలను పూర్తిగా నిషేధించవచ్చునా?

అధికారులకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. భారత జంతు సంక్షేమ మండలి 2015 ఫిబ్రవరిలో నివాసితుల సంఘాల నిమిత్తం జారీ చేసిన మార్గదర్శకాలలో, పార్కులలోనికి పెంపుడు జంతువులను రానీయకపోవడం దూరదృష్టి లేని చర్య అని పేర్కొన్నది. తగిన వ్యాయామం లభించిన కుక్క తక్కువగా అరుస్తుందనీ, దాని దూకుడు తగ్గుతుందనీ మండలి అభిప్రాయపడినది. ఇతరులకు అసౌకర్యం కలుగుతున్నదని భావించినపుడు ఉభయులకూ అంగీకారమైన వేళలను నిర్ణయించుకొనవలెనని సూచించినది. అదే సమయంలో బహిరంగ స్థలాలలో కుక్కను గొలుసుతో నడిపించవలెననీ, మలాన్ని యజమానులే తొలగించే ఏర్పాటు ఉండవలెననీ సలహా ఇచ్చినది.

జాతీయ ఉద్యానవనాలు, అభయారణ్యాలు ఇందుకు పూర్తిగా భిన్నమైనవి. అవి వన్యప్రాణుల కొరకు రక్షింపబడిన ప్రాంతాలు. హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనంలో ప్రతి ఉదయం వేలాది మంది నడిచినప్పటికీ, పెంపుడు కుక్కలకు లోపల ప్రవేశం లేదు. పురపాలక పార్కుకు, జాతీయ ఉద్యానవనానికి గల ఈ తేడాను ప్రజలకు వివరించడం అవసరం.

జాతిని బట్టి నిషేధించే ప్రయత్నం కూడా నిలువలేదు. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల కుక్కలను ప్రమాదకరమైనవిగా పేర్కొంటూ రాష్ట్రాలకు పంపిన సర్క్యులర్‌ను, అదే సంవత్సరం ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు రద్దు చేసినది. అందుచేత స్థానిక సంస్థలు కుక్క జాతిని బట్టి గాక, దాని ప్రవర్తనను, యజమాని నడవడిని బట్టి నియమాలు రూపొందించుకొనడం సమంజసం.

వీధి కుక్కలు, సుప్రీంకోర్టు ఉత్తర్వులు

పెంపుడు కుక్కను పార్కుకు తీసుకొని వెళ్లేటపుడు దారిలోని వీధి కుక్కలు దానిపై విరుచుకొని పడడం అందరూ చూస్తున్నదే. ఆ గొడవలో గాయపడేది తరచుగా గొలుసు పట్టుకొన్న మనిషి, లేదా పక్కనే పోతున్న పాదచారి. కనుక పెంపుడు కుక్కల సమస్యను వీధి కుక్కల సమస్య నుండి పూర్తిగా విడదీసి చూడలేము.

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, పట్టుకొన్న వీధి కుక్కలను శస్త్రచికిత్స, నులిపురుగుల నివారణ మందు, టీకాల అనంతరం పట్టుకొన్న చోటనే విడిచిపెట్టవలెను. రేబిస్ సోకినవి, సోకినట్లు అనుమానం ఉన్నవి, దూకుడు స్వభావం కలవి ఇందుకు మినహాయింపు. వీధులలో ఎక్కడ పడితే అక్కడ ఆహారం వేయరాదనీ, పురపాలక వార్డులలో అందుకు ప్రత్యేక స్థలాలు ఏర్పాటు చేయవలెననీ న్యాయస్థానం ఆదేశించినది. 2025 నవంబరు 7న ఇచ్చిన మరొక ఉత్తర్వులో విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుండి వీధి కుక్కలను తరలించవలెననీ, వాటిని తిరిగి అదే చోట విడువరాదనీ పేర్కొన్నది. చాలా పట్టణాలలో ఉదయపు నడకకు కళాశాల మైదానాలనే వాడుకొంటున్నారు గనుక ఈ రెండవ ఉత్తర్వు నడకకు వచ్చేవారికి కూడా సంబంధించినదే.

నడక బాట ప్రవేశ ద్వారం వద్ద, పిల్లల ఆటస్థలం వద్ద బిస్కెట్లు, అన్నం వేయడం దయతో చేసే పనే అయినా, దాని వలన కుక్కలు ఆ చోటును తమదిగా భావించి కాపలా కాస్తాయి. పిల్లల ఆటస్థలాలకు, రాకపోకల మార్గాలకు దూరంగా ఆహారపు చోటు ఉండవలెనని 2023 నియమావళి సైతం పేర్కొన్నది.

కోపం హద్దు మీరితే

నియమాలు లేని చోట కోపం చోటు చేసుకొంటుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధి కుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోయిన సంఘటన రాష్ట్రాన్ని కలచివేసినది. దానిపై హైకోర్టు తనంతట తానుగా విచారణ చేపట్టినది. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో మన పొరుగునే ఉన్న మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకల్ మండలం పొన్నకల్ గ్రామంలో రాత్రి వేళ దాదాపు 20 కుక్కలు తుపాకీ కాల్పులకు బలైనవి. పెంపుడు కుక్కను వీధి కుక్కలు చంపినవన్న కక్షతో ఈ పని జరిగినట్లు పోలీసులు అప్పట్లో వెల్లడించినారు.

ఒక చోట పసిప్రాణం, మరొక చోట మూగప్రాణాలు. రెండు సంఘటనలూ చెప్పేది ఒక్కటే. సమస్యను సకాలంలో పరిష్కరించకపోతే అది హింసకు దారి తీస్తుంది. జంతువును చంపడం, విషం పెట్టడం, అవిటిదాన్ని చేయడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ క్రింద 5 సంవత్సరాల వరకు శిక్షకు అర్హమైన నేరం. కుక్కలకు పెట్టిన విషపు ముద్ద పార్కులో ఆడుకొనే పిల్లల చేతికి కూడా చిక్కవచ్చునన్న సంగతి మరువరాదు.

ఆరోగ్య పరమైన అంశాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా దాదాపు 59,000 మంది రేబిస్ వ్యాధితో మరణిస్తున్నారు. మనుష్యులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల ద్వారా సంక్రమించేదే. మృతులలో సుమారు 40 శాతం మంది 15 సంవత్సరాల లోపు బాలలు. కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపిన వివరాల ప్రకారం 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాటు కేసులు నమోదైనవి. లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధికి చికిత్స లేదు. ముందుగా టీకా వేయించుకొంటే మరణం లేదు.

కాటుకు గురైన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాల పాటు కడగవలెను. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి, ఆకుపసరు వంటివి పూయరాదు. కట్టు కట్టరాదు. అనంతరం ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లవలెను. చర్మంలోనికి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, 3వ, 7వ, 28వ రోజులలో టీకా ఇస్తారు. రక్తం వచ్చిన గాయాలకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరమవుతుంది. బొడ్డు చుట్టూ 14 సూదులు వేస్తారన్న భయం గ్రామాలలో ఇంకా ఉన్నది. ఆ పాత రకం టీకా తయారీ మన దేశంలో 2004తోనే ఆగిపోయినది. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైన దరిమిలా జిల్లా కేంద్రాలలో వైద్య సదుపాయం విస్తరించినది.

కరచినది టీకా వేయించిన పెంపుడు కుక్కేనని నిర్లక్ష్యం చేయరాదు. వైద్యుని సలహా తప్పక తీసుకొనవలెను. కుక్కను చంపకుండా 10 రోజుల పాటు గమనించవలెను. ఆ గమనింపు పూర్తి కావాలని టీకాను వాయిదా వేయరాదు. యజమాని తన కుక్క టీకా పత్రాన్ని బాధితునికి, వైద్యునికి చూపడం కనీస ధర్మం.

రెండవ సమస్య మలం. కుక్క మలంలోని కొంకిపురుగు, ఏలికపాముల గుడ్లు మట్టిలో చాలాకాలం నిలిచి ఉంటాయి. కొంకిపురుగు పిల్లలు చర్మం గుండా లోపలికి ప్రవేశిస్తాయి. చెప్పులు లేకుండా గడ్డిపై నడవడం ఆరోగ్యమని భావించేవారు, ఇసుకలో ఆడుకొనే పసిపిల్లలు ఎక్కువగా ముప్పునకు గురి అవుతారు. చెరువు కట్ట మీద వదిలిన మలం మొదటి వానకే చెరువులోనికి చేరుతుంది. అదే చెరువులో చేపలు పట్టేవారు, బట్టలు ఉతికేవారు, పశువులను కడిగేవారు ఉన్నారు.

నల్లమల బాటలలో ప్రత్యేక జాగ్రత్త

నాగర్‌కర్నూల్ జిల్లాకు మరొక ప్రత్యేకత కలదు. రాష్ట్ర విభజన అనంతరం ప్రత్యేక పులుల అభయారణ్యంగా రూపొందిన అమ్రాబాద్, 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన విస్తీర్ణంతో దేశంలోని పెద్ద పులుల అభయారణ్యాలలో ఒకటి. ఫర్హాబాద్ వ్యూ పాయింట్, మల్లెల తీర్థం, చైత్ర పౌర్ణమికి జాతర జరిగే సలేశ్వరం వంటి ప్రదేశాలకు వెళ్లే సందర్శకులు పెరిగినారు. కారులో పెంపుడు కుక్కను తీసుకొని శ్రీశైలం దారిలో ప్రయాణించేవారూ ఉన్నారు.

అడవిలో కుక్క వలన కలిగే ముప్పు కాటు మాత్రమే కాదు. కుక్కలకు సోకే డిస్టెంపర్ అనే వైరస్ వ్యాధి వన్య మాంసాహారులకు సోకుతుంది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి ప్రాంతంలో ఈ వ్యాధి వలన సింహాలలో దాదాపు మూడవ వంతు నశించినవి. 2018 సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో గుజరాత్‌లోని గిర్ ప్రాంతంలో 23 సింహాలు మరణించగా, పరీక్షలలో ఈ వైరస్ బయటపడినది. నల్లమలలోని పులులు, చిరుతలు, రేచుకుక్కలు ఇదే విధమైన ముప్పునకు లోబడి ఉన్నవి.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 33-ఏ సెక్షన్ అభయారణ్యంలోనూ, దానికి 5 కిలోమీటర్ల లోపలనూ ఉన్న పశువులకు అంటువ్యాధి నిరోధక టీకాలు వేయించే చర్యలు తీసుకొనవలెనని నిర్దేశిస్తున్నది. ఈ నిబంధన పశుసంపదను ఉద్దేశించినదే అయినా, దాని వెనుక గల హేతువు కుక్కల విషయంలో మరింత బలంగా వర్తిస్తుంది. చెంచు పెంటలలోని, అడవి అంచు గ్రామాలలోని కుక్కలకు రేబిస్‌తో పాటు డిస్టెంపర్ టీకా కూడా వేయించడం పులికి చేసే మేలు, కుక్కకు చేసే మేలు. సందర్శకులు మాత్రం అభయారణ్యం లోపలికి కుక్కలను తీసుకొని వెళ్లరాదు. దారిలో ఆగిన చోట కుక్కను కారు నుండి దింపి విడిచిపెట్టరాదు. పెంచలేక అడవిలో వదిలివేయడం అన్నింటికంటె పెద్ద అపచారం.

ఇతర ప్రాంతాల అనుభవం

ఈ సమస్యను ఎదుర్కొన్నది మనమే మొదటివారము కాదు. న్యూయార్క్ నగరంలో కుక్క మలాన్ని యజమానే తీయవలెనన్న చట్టం 1978లో అమలులోనికి వచ్చినది. అదే నగరం 2007లో నిర్దిష్ట పార్కులలో రాత్రి 9 నుండి ఉదయం 9 గంటల వరకు కుక్కలను గొలుసు లేకుండా తిప్పుకొనే వేళలను నియమబద్ధం చేసినది. మిగిలిన వేళలలో గొలుసు తప్పనిసరి. అమెరికా జాతీయ ఉద్యానవనాల నిబంధనల ప్రకారం గొలుసు పొడవు 6 అడుగులకు మించరాదు.

మన రాష్ట్రంలో 2018లో హైదరాబాద్ మహానగర పాలక సంస్థ కొండాపూర్‌లో సుమారు 1.3 ఎకరాలలో కుక్కల కొరకు ప్రత్యేక పార్కును ఏర్పాటు చేసినది. పూర్వం చెత్త వేసిన స్థలాన్నే ఇందుకు వినియోగించడం గమనార్హం. చిన్న పట్టణాలలో ప్రత్యేక పార్కుకు నిధులు, స్థలం లభించకపోవచ్చును గానీ, వేళల విభజనకు ఖర్చు లేదు. ఉన్న పార్కులోనే ఒక మూల కంచె వేయడానికి పెద్ద ఖర్చు కాదు.

స్థానిక సంస్థలు చేపట్టదగిన చర్యలు

పురపాలక కమిషనర్లు, పంచాయతీ కార్యదర్శులు ఈ క్రింది అంశాలను పరిశీలించవచ్చును.

1. పార్కు ముఖద్వారం వద్ద తెలుగులో, పెద్ద అక్షరాలతో నియమాల బోర్డు ఏర్పాటు చేయడం. "కుక్కలకు ప్రవేశం లేదు" అన్న ఒక్క వాక్యం కంటె ఏ వేళలో, ఏ బాటలో, ఏ షరతుపై అన్నది తెలియజేయడం మేలు.

2. ఉదయం రద్దీ వేళకు ముందు గానీ, తరువాత గానీ కుక్కలతో నడిచేవారికి ప్రత్యేక సమయం నిర్ణయించడం. వేసవిలో ఎండ ముదిరిన తరువాత సిమెంటు బాట కుక్క పాదాలను కాల్చుతుంది గనుక, సాయంత్రం చల్లబడిన తరువాతి వేళను ఎంపిక చేయడం మంచిది.

3. పిల్లల ఆటస్థలం, బహిరంగ వ్యాయామశాలల వద్దకు కుక్కలను రానీయకుండా హద్దు గీయడం.

4. మలం వేయడానికి మూత ఉన్న డబ్బాలను ఉంచి, వాటిని ప్రతి దినం ఖాళీ చేయించడం. పారిశుద్ధ్య కార్మికులచే ఒట్టి చేతులతో ఈ పని చేయించరాదు.

5. పశువైద్య శాఖ సమన్వయంతో పార్కుల వద్దనే రేబిస్ టీకా శిబిరాలు నిర్వహించడం. 1885లో లూయీ పాశ్చర్ తొలిసారి ఒక బాలునికి రేబిస్ టీకా ఇచ్చిన జూలై 6ను జూనోసిస్ దినోత్సవంగానూ, ఆయన వర్ధంతి అయిన సెప్టెంబరు 28ని ప్రపంచ రేబిస్ దినోత్సవంగానూ పాటిస్తున్నారు. ఈ రెండు తేదీలు శిబిరాలకు అనువైనవి.

6. ఫిర్యాదు ఎవరికి చేయాలో, ఏ సంఖ్యకు ఫోన్ చేయాలో బోర్డుపైనే వ్రాయించడం.

జరిమానా విధించదలచినపుడు అందుకు చట్టబద్ధమైన ఆధారం, పాలకవర్గ తీర్మానం తప్పనిసరి. ఆధారం లేని జరిమానా న్యాయస్థానంలో నిలువదు. అంతకు ముందే ప్రజలలో నమ్మకాన్ని పోగొడుతుంది.

యజమానులు, పాదచారులు పాటించవలసినవి

యజమానులు కుక్కను మూడు నెలల వయస్సు నుండి పశువైద్యుని సలహా మేరకు రేబిస్ టీకా వేయించి, ప్రతి సంవత్సరం పునరావృతం చేయించవలెను. గొలుసు బలంగా, పొట్టిగా ఉండవలెను. కుక్కను అదుపు చేయగల పెద్దలే దానిని నడిపించవలెను గానీ చిన్నపిల్లల చేతికి ఇవ్వరాదు. ఎదురుగా మనుష్యులు వచ్చినపుడు కుక్కను తమకు అవతలి వైపునకు మార్చుకొని, అవసరమైతే ఆగి దారి ఇవ్వవలెను. కరిచే అలవాటు ఉన్న కుక్కకు మూతిచిక్కం తొడగడం, రద్దీ వేళలో తీసుకొని రాకపోవడం యజమాని విజ్ఞత. మలం తీయడానికి కాగితం, సంచి వెంట ఉంచుకొనవలెను.

పాదచారులు కుక్కను చూసి పరుగెత్తరాదు. పరుగెత్తే వస్తువును తరమడం కుక్క స్వభావం. నిలబడి, చేతులు దగ్గరగా ఉంచుకొని, దాని కళ్లలోనికి చూడకుండా మెల్లగా పక్కకు తప్పుకొనవలెను. యజమానిని అడగకుండా కుక్కను ముట్టుకొనరాదు. తింటున్న, నిద్రిస్తున్న, పిల్లలకు పాలిస్తున్న కుక్క దగ్గరకు పోరాదని పిల్లలకు నేర్పవలెను. రాళ్లు విసరడం వలన ఆ మరుసటి మనిషికి ప్రమాదం పెరుగుతుంది. పరుగు సాధన చేసేవారు, సైకిల్‌పై వచ్చేవారు వెనుక నుండి దాటేటపుడు ముందుగా మాటతో హెచ్చరిస్తే యజమాని కుక్కను దగ్గరకు తీసుకొనడానికి వ్యవధి దొరుకుతుంది.

పాత్రికేయులకు విజ్ఞప్తి

కుక్కకాటు వార్తలలో అది పెంపుడు కుక్కా, వీధి కుక్కా, యజమాని వదిలివేసినదా అన్న వివరం స్పష్టంగా ఇచ్చినపుడే బాధ్యత ఎవరిదో పాఠకునికి అర్థమవుతుంది. నిర్ధారణ కాకుండా కరచిన ప్రతి కుక్కనూ "పిచ్చికుక్క" అని వ్రాయడం వలన గ్రామంలో భయం పెరిగి, నిర్దోషి జంతువుల వధకు దారి తీయవచ్చును. గాయపడిన బాలల ఛాయాచిత్రాలను ప్రచురించకుండా, ప్రతి వార్త చివర ప్రథమ చికిత్సను, టీకా లభించే చోటును రెండు వాక్యాలలో తెలియజేస్తే అది ప్రాణాలను కాపాడే సమాచారమవుతుంది.

దేశంలో కుక్కల ద్వారా సంక్రమించే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించవలెనన్న లక్ష్యంతో 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటింపబడినది. ఆ లక్ష్యం ఆసుపత్రులలో మాత్రమే నెరవేరేది కాదు. యజమాని చేతిలోని గొలుసు, జేబులోని కాగితపు సంచి, గోడకు తగిలించిన టీకా పత్రం, పార్కు గేటు వద్ద స్పష్టంగా వ్రాసిన బోర్డు ఇందులో భాగమే. పార్కు ప్రజల సొమ్ముతో ఏర్పడిన ఆస్తి. అందులో కర్ర ఊతంతో నడిచే వృద్ధునికి, తప్పటడుగులు వేసే పసిబిడ్డకు, కుక్కను ప్రేమగా పెంచుకొనే కుటుంబానికి సమాన హక్కు కలదు. ఆ హక్కును ఎవరికి వారు హద్దులో ఉండి అనుభవించేలా చూడడంలో స్థానిక సంస్థలకు, అధికారులకు, పత్రికలకు, ప్రజలకు సమష్టి బాధ్యత ఉన్నది.